లారీ బరువు హద్దులు

రహదారి ప్రక్కను నిలిచియున్న లారీని పరికించి చూచినవారికి దాని ప్రక్కపలకమీద రంగుతో వ్రాసిన కొన్ని పొడియక్షరములును, వాని కెదురుగా కొన్ని యంకెలును కనబడును. యు.ఎల్.డబ్ల్యు. అనియు, జి.వి.డబ్ల్యు. లేక ఆర్.ఎల్.డబ్ల్యు. అనియు, పి.ఎల్. అనియు నవి యుండును. మనలో ననేకులు వానిని ప్రతిదినమును చూచుచునే యుందురు గాని, యవి యేమి చెప్పుచున్నవో విచారించువారు తక్కువ. ఆ బండివెనుక ట్రెయిలరు తగిలించినయెడల లెక్క మఱికొంత చిక్కుపడును. ఈ యంకెల యర్థ మెట్టిదో, వానిని మీఱినచో నేమగునో విద్యార్థులకు బోధపడునట్లు చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇందుకు గొప్ప శాస్త్రజ్ఞాన మక్కఱలేదు. కూడికయు, తీసివేతయు, భౌతికశాస్త్రమున మీరు చదువుకొనిన తులాదండసూత్రమును తెలిసియున్న చాలును.

మొదట నొక ముఖ్యవిషయము చెప్పవలసియున్నది. ఇంజనుకు బలమున్నచో బండి యెంత బరువునైనను తీసికొనిపోవచ్చునని సామాన్యముగ జనులు తలంతురు. బండి కదలినది గదా, యింకేమి భయమని యందురు. ఇది సరికాదు. ఇంజను పని లాగుట మాత్రమే. బరువును మోయునవి కమానుకట్టలును, ఇరుసులును, టైర్లును. పరుగెత్తుచున్న బరువును నిలుపునవి బ్రేకులు. రెండు బండ్లను కలిపి యుంచునది వాని నడుమనున్న కొక్కెము. వీనిలో నొక్కొక్కదానికి నొక్కొక్క హద్దు గలదు. కుండ యెంత పొడవైనదైనను చిల్లి యున్నంతవఱకే నీరు నిలుచును. అట్లే, బండికి గల హద్దులలో నేది ముందుగా నిండునో యదియే యా బండికి నిజమైన హద్దు. తక్కిన హద్దులలో నెంత చోటు మిగిలియున్నను దానివలన ప్రయోజనము లేదు. ఈ యొక్క మాట మనస్సునం దుంచుకొనినచో మిగిలినదంతయు సులభముగ తెలియును.

అక్షరముల యర్థము

యు.ఎల్.డబ్ల్యు. అనగా ఖాళీబండి బరువు. బండి పనిచేయుటకు మామూలుగా వలసిన పరికరములన్నియు నిందు చేరును గాని, డ్రైవరు బరువుగాని క్లీనరు బరువుగాని చేరదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో నీ విధముగనే నిర్వచింపబడియున్నది. జి.వి.డబ్ల్యు. అనగా బండియు దానిమీది భారమును కలిసి యెంతవఱకు ఉండవచ్చునని రిజిస్టరుచేయు నధికారి ధ్రువపఱచెనో యా మొత్తము బరువు. దీనినే ఆర్.ఎల్.డబ్ల్యు. అని వ్రాయుటయు గలదు. పి.ఎల్. అనగా నెక్కింపదగిన సరకు బరువు. మొత్తము బరువులోనుండి ఖాళీబండి బరువును తీసివేసినచో నిది వచ్చును.

మన దేశమున రెండిరుసుల లారీకి మొత్తము బరువు హద్దు పూర్వము 16.2 టన్నులుగ నుండెను. 2018వ సంవత్సరము జులై నెలలో కేంద్రప్రభుత్వము దానిని 18.5 టన్నులకు పెంచినది. మూడిరుసుల లారీకి 25 టన్నులుగా నున్నది 28.5 టన్నులైనది. ఇప్పుడు రెండిరుసుల లారీ యొకటి ఖాళీగా 6.5 టన్నులు తూగుననుకొందము. 18.5 లోనుండి 6.5 తీసివేయగా మిగులునది 12 టన్నులు. అదియే సరకునకు గల యవకాశము. యజమాని దళసరి యినుపరేకులతో నెత్తైన తొట్టి కట్టించి, బండి బరువు నొక టన్ను పెంచినయెడల, సరకులో నొక టన్ను తగ్గింపవలసినదే. తొట్టి పెద్దదైనంత మాత్రమున హద్దు పెరుగదు. తొట్టియందు పట్టుటకును, బండి మోయుటకును సంబంధము లేదు. గడ్డితో నిండిన తొట్టియు, తడియిసుకతో నిండిన తొట్టియు కంటికి సమానమే గాని కాటామీద సమానము గావు.

ఇరుసులమీది బరువు

మొత్తము బరువు హద్దులో నున్నంతమాత్రమున సరిపోదు. ఒక్కొక్క యిరుసునకు వేఱుగా హద్దు గలదు. పైన చెప్పిన రెండిరుసుల లారీయందు ముందుఇరుసునకు 7 టన్నులు, నాలుగు టైర్లుగల వెనుకఇరుసునకు 11.5 టన్నులు. రెండును కలిపిన 18.5 అగుట చూడుడు. సరకునంతను తొట్టి వెనుకభాగముననే పేర్చినచో మొత్తము 18.5 టన్నులు మించకున్నను, వెనుకఇరుసుమీద 11.5 టన్నులకంటె నెక్కువ పడవచ్చును. అప్పుడు ముందుచక్రములు తేలికయై, డ్రైవరు త్రిప్పిన స్టీరింగునకు సరిగా లోబడవు. కావున నెంత బరువు వేసితిమన్నది యొక ప్రశ్న, ఎక్కడ వేసితిమన్నది మఱియొక ప్రశ్న.

11.5 టన్నులను నాలుగు టైర్లకు పంచినచో నొక్కొక్కదానిమీద 2,875 కిలోగ్రాములు పడును. జంటటైర్లలో నొకదానియందు గాలి తగ్గినయెడల దాని వంతు ప్రక్కదానిమీద బడును. బరువెక్కువైన టైరు ప్రతి చుట్టునను ఎక్కువగా వంగి లేచుచు లోపల వేడెక్కును. వేసవి మధ్యాహ్నమున మండు తారురోడ్డుమీద నట్టి టైరు ప్రేలిపోవుట వింత గాదు.

రోడ్డునకు గూడ నిందు పాలు గలదు. 1958వ సంవత్సరము మొదలు 1960వ సంవత్సరము వఱకు అమెరికాదేశమున ఇల్లినాయి రాష్ట్రములో, ఒటావా యను పట్టణమునకు సమీపమున, ప్రత్యేకముగా రోడ్లు నిర్మించి, వానిమీద వేర్వేరు ఇరుసుబరువులుగల లారీలను ఎడతెగక నడిపి పరీక్షించిరి. రోడ్డునకు గలుగు హాని యిరుసుబరువుయొక్క నాలుగవ ఘాతము ననుసరించి సుమారుగా పెరుగునని యా పరీక్షలనుండి తేలినది. అనగా నిరుసుబరువు రెండింతలైనచో హాని రెండింతలు గాదు, పదునాఱింతలగును. ఒక లారీ రెండు లారీల బరువు మోసినందున నొక ప్రయాణపు ఖర్చు మిగిలినదని వర్తకుడు సంతసింపవచ్చును గాని, యా మిగులు గ్రామస్థుల రోడ్డునుండి తీసికొనినదే యగును.

ట్రెయిలరులలో రెండు విధములు

ఇక లాగబడు బండ్ల సంగతి. మన చట్టమున ట్రెయిలరు వేఱు, సెమీట్రెయిలరు వేఱు. ట్రెయిలరు మోటారుబండిచే లాగబడునది. సెమీట్రెయిలరన్ననో, దానిలో నొక భాగము లాగుబండిమీద నెక్కి కూర్చుండును, కావున దాని బరువులో కొంత లాగుబండియే మోయవలెను. విశాఖపట్టణపు రేవునుండి కంటైనరులను మోసికొని జాతీయరహదారిమీద సాగిపోవు పొడుగాటి బండ్లు ఈ రెండవ జాతివి. లాగుబండియు, సెమీట్రెయిలరును, సరకును కలిసి యుండదగిన గరిష్ఠపు బరువు 2018కి పూర్వము 49 టన్నులు, తరువాత 55 టన్నులు.

పల్లెలలో ట్రాక్టరువెనుక తగిలించు ట్రక్కులను మీరెల్లరును ఎఱుగుదురు. నాలుగుచక్రముల ట్రక్కు తన బరువును చాలవఱకు తానే మోసికొనును. రెండుచక్రముల ట్రక్కు మాత్రము తన బరువులో కొంత ట్రాక్టరు వెనుకనున్న కొక్కెముమీద మోపును. చెఱకు నింపిన ట్రక్కు నొకదానిని లాగుచు గట్టెక్కునపుడు ట్రాక్టరు ముందుచక్రములు నేలనుండి లేచుట కొందఱు చూచియుందురు. చూచువారికది వేడుకగా నుండును గాని, స్టీరింగుచక్రము త్రిప్పినను ముందుచక్రములు నేల నంటనిచో బండి తిరుగదు. అట్టి ట్రాక్టరు బోల్తాపడుటకు ఎంతోసేపు పట్టదు.

ఇది యేల యగునో తులాదండసూత్రము చెప్పును. వెనుకఇరుసును ఆధారబిందువుగా భావింపుడు. కొక్కెము దానికి వెనుక నున్నది, ముందుఇరుసు దానికి ముందు నున్నది. వెనుక నొక కొసను క్రిందికి నొక్కినచో ముందు కొస పైకి లేచును. పెద్ద సెమీట్రెయిలరులయందు బరువు మోపు పళ్ళెమును లాగుబండి వెనుకఇరుసులమీదనే, లేక వానికి కొంచెము ముందుగా నమర్చుటకు కారణ మిదియే. అచ్చట మోపిన బరువు ముందుఇరుసును పైకి లేపదు.

ఒక లెక్క

ట్రెయిలరు తగిలించిన బండికి హద్దులన్నియు నెట్లు కలిసి పనిచేయునో చూపుటకు అమెరికాదేశపు పికప్ బండి మంచి యుదాహరణము. అచ్చట సామాన్యగృహస్థులు సైతము ముందు కుటుంబము కూర్చుండుటకును, వెనుక సామాను వేసికొనుటకును వీలుగల యీ చిన్నలారీలను కొని, వానివెనుక పడవలను, గుఱ్ఱముల బండ్లను, చక్రములపై నమర్చిన ప్రయాణగృహములను తగిలించుకొని పోవుదురు. ఆ దేశమున కాపురమున్న తెలుగువారిలోను ఇట్టి బండ్లు గలవారు గలరు. అచ్చటి చట్టప్రకారము ప్రతి బండికిని మొత్తము బరువు హద్దును, ఇరుసుల హద్దులును తెలుపు చీటి యంటించియుండవలెను. అది సాధారణముగా డ్రైవరు తలుపుచట్రమునొద్ద నుండును. ఇవిగాక, బండియు ట్రెయిలరును కలిసి యెంత యుండవచ్చునో తెలుపు జంటబరువు హద్దును, ట్రెయిలరు మాత్రమే యెంత యుండవచ్చునో తెలుపు హద్దును బండి తయారుచేసినవారు ప్రకటింతురు. అమ్మకపు ప్రకటనలలో పెద్ద యక్షరములతో కనబడునది యీ చివరి యంకెయే.

లెక్కకొఱకు ఒక పికప్ బండిని కల్పించుకొందము. ఖాళీబరువు 2,400 కిలోగ్రాములు. ముందుఇరుసుమీద 1,350, వెనుకఇరుసుమీద 1,050. దాని మొత్తము బరువు హద్దు 3,150. ముందుఇరుసు హద్దు 1,600, వెనుకఇరుసు హద్దు 1,850. జంటబరువు హద్దు 6,800. ట్రెయిలరు హద్దు 4,200. గృహస్థుడు 3,600 కిలోగ్రాముల ట్రెయిలరు కొనెను. 4,200 లాగగల బండికి 3,600 ఒక లెక్కయా యని యతని ధీమా. కుటుంబములో నైదుగురు కలిసి 350, సామాను 100. వీనివలన 150 ముందుఇరుసుమీదను, 300 వెనుకఇరుసుమీదను పడెననుకొందము.

మొదట జంటబరువు చూతము. 2,400, 450, 3,600 కలిపిన 6,450. హద్దు 6,800. సరిపోయినది. ట్రెయిలరు బరువును హద్దులోనే యున్నది.

అయితే ట్రెయిలరు ముందుకొయ్య కొక్కెముమీద మోపు బరువొకటి గలదు. ఇట్టి ట్రెయిలరులకు నది ట్రెయిలరు బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వఱకు ఉండవలెనని నియమము. అంతకంటె తక్కువైనచో వేగమున ట్రెయిలరు పాము తోకవలె అటునిటు ఊగి ముందుబండిని గూడ ఈడ్చివేయును. కావున దీనిని తప్పించుకొనుటకు వీలులేదు. నూటికి 12 చొప్పున 3,600 నకు 432 కిలోగ్రాములు. ఈ బరువును పికప్ బండియే మోయవలెను. 2,400, 450, 432 కలిపినచో 3,282. హద్దు 3,150. అనగా 132 కిలోగ్రాము లెక్కువైనది.

ఇరుసులను చూచినచో నింకను స్పష్టమగును. రెండిరుసుల నడిమి దూరము 3.6 మీటర్లనియు, కొక్కెము వెనుకఇరుసునకు 1.2 మీటర్ల వెనుక నున్నదనియు ననుకొనుడు. 432 ను 1.2 చే గుణించి 3.6 చే భాగించిన 144. అంత బరువు ముందుఇరుసునుండి తొలగి, కొక్కెపు 432 తో చేరి, వెనుకఇరుసుమీద పడును. అనగా వెనుకఇరుసుమీద అదనముగా పడునది 576. అంతకుముందు దానిమీద నున్నవి 1,350. మొత్తము 1,926. హద్దు 1,850. ఇచ్చటను 76 కిలోగ్రాము లెక్కువ. ముందుఇరుసు మాత్రము 1,500 నుండి 1,356 నకు తేలికపడినది.

నాలుగు హద్దులలో రెండు సరిపోయినవి, రెండు మీఱినవి. ఇంజను మాత్రము ఏమియు ఫిర్యాదు చేయదు, బండి సుఖముగ కదలును. ఆపద దాగియున్నది యిచ్చటనే.

మఱి యా కుటుంబ మెంత ట్రెయిలరు లాగవచ్చును? 3,150 లోనుండి 2,400 ను, 450 ని తీసివేయగా 300 మిగిలినవి. కొక్కెమున కింతే చోటు. నూటికి 12 చొప్పున 300 కు సరిపడు ట్రెయిలరు 2,500 కిలోగ్రాములు. అప్పుడు వెనుకఇరుసుమీద 1,750 మాత్రమే పడును గనుక నదియు హద్దులోనే యున్నది. ప్రకటనలోని 4,200 ఎక్కడ, యింటిల్లిపాదియు కూర్చున్నపిమ్మట మిగిలిన 2,500 ఎక్కడ!

ప్రకటనలోని యంకె యబద్ధమని దీని యర్థము గాదు. అది వేఱొక ప్రశ్నకు జవాబు. ఆ దేశపు మోటారుయంత్రశాస్త్రజ్ఞుల సంఘమువారు జె 2807 అను పేరుతో నొక పరీక్షావిధాన మేర్పఱచిరి. 2011వ సంవత్సరపు నమూనా బండ్లతో టొయోటావారు దీనిని మొదట నవలంబించిరి. తక్కిన పెద్దకంపెనీలు తరువాత ననుసరించినవి. ఆరిజోనా రాష్ట్రమున డేవిస్ డామునొద్ద మొదలగు 11.4 మైళ్ళ యెగుడుదారిని ప్రమాణముగ గొని, 100 డిగ్రీల ఫారెన్‌హీటుకు తక్కువగాని యెండలో, బండిలోని శీతలయంత్రమును పూర్తిగా నడుపుచు, ఒంటిచక్రముల బండి గంటకు 40 మైళ్ళకు తగ్గక యెక్కవలెనని యందు నిర్ణయించిరి. కఠినమైన పరీక్షయే. అయినను నందు బండిలో నుండువారు డ్రైవరును మఱియొకరును మాత్రమే. ఒక్కొక్కరికి 150 పౌన్లు, అనగా సుమారు 68 కిలోగ్రాములు. అయిదుగురు కుటుంబసభ్యులును వారి పెట్టెలును ఆ లెక్కలో లేరు. అంకెను చదువునపుడు అది యెట్టి పరిస్థితులలో నిజమో విచారించుట విద్యావంతుని లక్షణము.

నిలుపుట లాగుటకంటె కష్టము

బరువెక్కిన బండిని కొండ యెక్కించుట యింజను పని. దింపుట బ్రేకుల పని. 28.5 టన్నుల లారీ యొకటి అరకులోయనుండి దిగు ఘాటురోడ్డువంటి దారిలో 300 మీటర్ల నిలువుయెత్తు దిగినదనుకొనుడు. ఆ దిగుడులో వెలువడు శక్తి సుమారు 265 లీటర్ల నీటిని 25 డిగ్రీల సెంటిగ్రేడునుండి మరగకాచుటకు చాలును. డ్రైవరు తక్కువ గేరులో దింపినయెడల నందు గొంత యింజను తీసికొనును. గేరు మార్చక బ్రేకునే త్రొక్కుచు దిగినచో నా వేడియంతయు బ్రేకుడ్రమ్ములకు చేరి, యవి కాగిపోయి పట్టు సడలును. హద్దుకు మించి పది టన్నులు వేసినచో వేడియు నా పాళముననే పెరుగును, బ్రేకులు మాత్రము పెరుగవు. వేగము సంగతి యింతకంటె విషమము. బరువు రెండింతలైన గతిశక్తి రెండింతలగును. వేగము రెండింతలైన నాలుగింతలగును. భారమైన బండి మెల్లగా పోవలెననుట డ్రైవరు పిఱికితనము గాదు, గణితశాస్త్రము.

చట్టమును బాధ్యతయు

రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన మొత్తము బరువునకు మించి బండిని నడుపరాదని మోటారు వాహనముల చట్టములోని 113వ సెక్షను చెప్పుచున్నది. 2019వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి దీనిని మీఱినవారికి 20,000 రూపాయల జుల్మానాయు, అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును, అదనపు సరకును దింపు ఖర్చును విధింపబడును. ఆ సరకు దింపునంతవఱకు బండిని కదలనీయరు.

అదే సెక్షనులో ధర్మమైన మాట యొకటి గలదు. బండి నడుపువాడు యజమాని కానియెడల, ఆ నేరము యజమాని యెఱిగియుండగనే, లేక యతని యాజ్ఞవలననే జరిగెనని న్యాయస్థానము భావింపవచ్చును. ఇది యెంతయు సమంజసము. బరువెంత వేయవలెనో నిర్ణయించునది తఱచుగా డ్రైవరు గాదు. బరువు మీఱిన బండిలో గూర్చుండి ఘాటు దిగువాడు మాత్రము అతడే. ఎదురుగా వచ్చు బస్సులోనివారును, రోడ్డుప్రక్కను సైకిలుమీద బడికి పోవు పిల్లలును, ఆ బేరముతో నెట్టి సంబంధమును లేనివారే.

విద్యార్థులారా! మీలో కొందఱు ముందుముందు లారీలకు యజమానులు గావచ్చును; కొందఱు డ్రైవర్లును, ఇంజనీర్లును, బరువు తనిఖీచేయు నధికారులును గావచ్చును. కొందఱి యిండ్లలో నిప్పుడే ట్రాక్టరులు గలవు. మీరేమి యైనను, బండి కదలినది గదా యని తృప్తిపడక, యీ నాలుగు ప్రశ్నలు వేయుడు. మొత్తము బరువెంత? ఒక్కొక్క యిరుసుమీద నెంత? కొక్కెముమీద నెంత? రెండు బండ్లును కలిసి యెంత? జవాబులను ఊహించుట మాని, బండిని కాటామీద కెక్కించి తెలిసికొనుడు. కాటా రుసుము కొలదిపాటి సొమ్ము. నాలుగింటిలో నొక్కటి హద్దు మీఱినను, మిగిలిన మూడును సరిగా నున్నవను సమాధానముతో బయలుదేరక, కొంత సరకు దింపి పొండు.